ఆకుకూర మళ్ళను పిల్లులు గెలికేస్తున్నాయి, ఎట్లా ఆపాలి?

చిర్రాకు_మడి
మా ఇల్లు తిరుపతి బైరాగిపట్టెడలో. ఇంటి వెనక కాస్త ఖాళీ ఉంటే మళ్ళు కట్టి చిర్రాకు, మెంతి, కొత్తిమీర, పాలకూర వేసుకుంటున్నాను. ఈ మధ్య వీధిలో పిల్లులు బాగా ఎక్కువయ్యాయి. విత్తనం చల్లి మట్టి చదును చేసి లోపలికి వస్తానా, తెల్లారేసరికి మడి మధ్యలో గుంత, పక్కనే కుప్ప. మొలిచిన కొత్తిమీర వేళ్ళతో సహా బయట పడి ఉంటుంది. ప్రహరీ మీద నుంచి దూకి వస్తాయి కాబట్టి గేటు వేసినా లాభం లేదు.

మా అమ్మాయి కానుపుకు వచ్చి ఉంది. ఆ మడిలో ఆకు కోసి తనకు పెట్టాలంటే భయంగా ఉంది. నిమ్మతొక్కలు వేశాను, కాఫీ పిప్పి వేశాను, రెండు రోజులు ఆగి మళ్ళీ వచ్చాయి. మిరప్పొడి చల్లమని పక్కింటావిడ చెప్పింది కానీ నోరులేని జీవి కళ్ళలో కారం కొట్టడానికి మనసొప్పలేదు. వాటికి హాని జరగకుండా, నిజంగా పనిచేసే మార్గం ఉంటే చెప్పండి. ఎవరో అన్న మాట కాదు, మీరు చేసి చూసింది కావాలి.

కరకంబాడి77
కలరా ఉండలు నాలుగు మూలలా వేయండి. మా మామ వేశాడు, ఆ పక్కకు రావడం మానేశాయి.

పశువైద్యం_చదువు
కరకంబాడి అన్నా, ఆ సలహా వద్దు. కలరా ఉండలంటే నాఫ్తలిన్. అది పిల్లి నోట్లోకి పోతే కాలేయం, రక్తం రెండూ దెబ్బతింటాయి. పిల్లి సంగతి పక్కన పెట్టినా, తినే ఆకుకూర మట్టిలో పురుగుమందు లాంటిది కలపడమే అది. పైగా ఆ ఇంట్లో పసిబిడ్డ రాబోతోంది. జి6పిడి అనే ఎంజైమ్ లోపంతో పుట్టే పిల్లలకు నాఫ్తలిన్ ఆవిరి తగిలినా ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. బిడ్డ బట్టల బీరువాలో కూడా అవి పెట్టకూడదు.

ఫినాయిల్ కూడా వద్దు. మడి చుట్టూ పోసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. పాదాలకు అంటినదాన్ని ఒళ్ళు నాక్కునేటప్పుడు మింగేస్తుంది.

కరకంబాడి77
పిల్లల విషయం తెలియదు తమ్ముడూ. మామకు చెప్తాను.

తోతాపురి_తోట
అక్కా, మీ మట్టి పైపైన పొడిగా, గుల్లగా ఉంటుందా? కోకోపీట్ కలుపుతున్నారా? అడగడానికి కారణం ఉంది. మాది చిత్తూరు కట్టమంచి. మా తోటలో గట్టి నేల ఎంతో ఉన్నా పిల్లులు అక్కడికి పోవు. కొత్తగా తవ్విన పాదు కనిపిస్తే మాత్రం వదలవు. తవ్వుకుని, పని కానిచ్చి, పూడ్చుకోవడానికి వాటికి మెత్తటి పొడి మట్టి కావాలి. మనం విత్తనం కోసం మడిని ఎంత బాగా తయారు చేస్తామో, వాటికి అంత సదుపాయం చేసిపెట్టినట్టు.

చిర్రాకు_మడి
కోకోపీట్, వర్మీకంపోస్టు రెండూ కలుపుతాను. ఉదయం నీళ్ళు పోస్తాను, ఈ ఎండకు సాయంత్రానికి పైపొర ఎండిపోతుంది.

తోతాపురి_తోట
అదే సంగతి. పిల్లులు ఎక్కువగా తిరిగేది మునిమాపు వేళ, తెల్లవారుజామున. నీళ్ళు సాయంత్రం పోయండి. తడి మట్టిలో కాళ్ళు పెట్టడం వాటికి ఇష్టం ఉండదు. ఇదొక్కటే చాలదు కానీ తేడా కనిపిస్తుంది.

మెంతిమొలక
సాయంత్రం నీళ్ళు పోస్తే నారుకుళ్ళు రాదా? కొత్తిమీర, మెంతి మొలకలు రాత్రంతా తడిలో ఉంటే మొదళ్ళు మెత్తబడి పడిపోతాయి. నాకు వానాకాలంలో అట్లాగే పోయాయి.

తోతాపురి_తోట
వానాకాలంలో వస్తుంది, నిజమే. మన పక్క అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాల వానలు కదా, అప్పుడు సాయంత్రం తడి వద్దు. ఆ నెలల్లో మడి ఎట్లాగూ తడిగానే ఉంటుంది, పిల్లులు కూడా మెట్ల కిందికో కారు షెడ్డుకో పోతాయి. ఎండాకాలం రాత్రులకు మాత్రం ఈ సలహా పనిచేస్తుంది.

కొర్లగుంట_పిల్లులమ్మ
మా వీధిలో పిల్లులకు అన్నం పెట్టేది నేనే. ఇట్లాంటి చర్చ మొదలైతే చివరికి మా మీదికే వస్తుందని తెలుసు కాబట్టి ముందే చెప్తున్నాను. పెట్టేవాళ్ళు మానేస్తే పిల్లులు మాయం కావు. చెత్త సంచులు చించుకుంటాయి, మీ వంటింటి కిటికీలోంచి దూరతాయి. వాటికి కావలసింది రెండే, తిండి, దొడ్డికి పోవడానికి ఇసుక. ఊరంతా సిమెంటు చేసేశాం. మట్టి మిగిలింది మీ మళ్ళలోనే.

అలిపిరి_దారి
పిల్లులమ్మగారూ, పెట్టండి, ఎవరూ వద్దనలేదు. కానీ మీరు తిండి పెడతారు, అవి పక్కవాళ్ళ గడపలో దొడ్డికి పోతాయి. ఆ రెండో పని బాధ్యత ఎవరిది? మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆమె వంగి పిల్లి పెంట ఎత్తుతుంటే నాకు కడుపు మండిపోతుంది. మా వీధిలో ఒకాయన రోజూ చేప తలకాయలు తెచ్చి గోడ మీద పెట్టి వెళ్ళిపోతాడు. ఆయన ఇంట్లో ఒక్క మొక్క లేదు.

కొర్లగుంట_పిల్లులమ్మ
మీరన్నది న్యాయమే. గోడ మీద పెట్టి వెళ్ళిపోవడం తప్పు. నేను నా గడపలోనే వేళకు పెడతాను, తిన్నాక గిన్నె తీసేస్తాను. మా మెట్ల కింద ఒక పాత ప్లాస్టిక్ తొట్టిలో ఇసుక పోసి పెట్టాను. రోజూ జల్లెడ గరిటెతో తీసేస్తాను. మా పక్కింటివాళ్ళ గులాబీ కుండీల జోలికి ఇప్పుడు పోవడం లేదు, వాళ్ళే చెప్పారు. తిండి పెట్టే ప్రతివాళ్ళూ ఇసుక కూడా పెట్టాలి. అది పెట్టలేనివాళ్ళు తిండి కూడా పెట్టకూడదని నేనే అంటాను.

అలిపిరి_దారి
ఈ మాట మా వీధాయనకు ఎవరైనా చెప్తే బాగుండు.

జీవకోన_రాజా
ఇంత చర్చ ఎందుకు? గోనెసంచిలో పట్టుకుని కొండ కింద అడవిలో వదిలేస్తే సరిపోతుంది.

పశువైద్యం_చదువు
రాజా అన్నా, వీధిలో తిని బతికిన పిల్లికి శేషాచలం అడవిలో బతకడం రాదు. ఆకలితో చస్తుంది, లేదా కుక్కలకో చిరుతకో దొరుకుతుంది. పైగా మీ వీధిలో తిండి, మట్టి అట్లాగే ఉన్నప్పుడు ఖాళీ అయిన చోటికి పక్క వీధి పిల్లి వచ్చేస్తుంది. మీరు పట్టుకుంటూనే ఉండాలి. పిల్లల తల్లిని పట్టుకెళ్తే గూట్లో పిల్లలు పాలు లేక అరిచి అరిచి చస్తాయి.

మిట్టూరు_వకీలు
చట్టం సంగతి చెప్తాను. జంతు హింస నివారణ చట్టం, 1960, 11వ సెక్షన్ ప్రకారం ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడం నేరమే. అందులో మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు, అందుకే ఎవరికీ భయం లేదు. కానీ విషం పెట్టినా, చంపినా, అవయవం పోయేలా కొట్టినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కిందికి వస్తుంది. అయిదేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతిలో జంతువు విలువ ఇంత ఉండాలని లెక్క ఉండేది, 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న కొత్త చట్టంలో ఆ లెక్క లేదు. అన్నంలో ఎలుకల మందు కలిపి పెట్టేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

నేతిగిన్నె
మా అవ్వ చట్టం చదవలేదు కానీ పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలని చెప్పేది. ఇప్పటి బంగారం ధరకు ఎలుకంత కూడా చేయించలేం రాజా అన్నా.

జీవకోన_రాజా
సరే సరే, వదిలేయను. మా అమ్మ కూడా తిట్టింది. కానీ మా బాధ కూడా వినండి, మాకు పిల్లులతో పాటు కోతులు కూడా. టమాటా కాయనిస్తే కదా.

అలిపిరి_దారి
కోతుల గురించి మొదలుపెడితే ఈ చర్చ తెల్లారదు. దానికి వేరే చర్చ తెరవండి, అందరం వస్తాం.

చిర్రాకు_మడి
నా ప్రశ్నకు మళ్ళీ వస్తాను. మా అమ్మాయి విషయం ఎవరైనా చెప్పండి. పిల్లి పెంట ఉన్న మట్టి గర్భిణులకు ప్రమాదమని విన్నాను. ఆ రోజు నుంచి తనను పెరట్లోకి రానివ్వడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

పశువైద్యం_చదువు
అక్కా, భయం అక్కర్లేదు, జాగ్రత్త చాలు. వివరంగా చెప్తాను.

దాని పేరు టాక్సోప్లాస్మా. కంటికి కనిపించని పరాన్నజీవి. అది సోకిన పిల్లి సాధారణంగా తొలిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాల పాటు మలంలో దాని గుడ్ల లాంటివి వదులుతుంది. అంటే ప్రతి పిల్లీ ఎప్పుడూ వదులుతూ ఉండదు. వదిలిన వెంటనే అవి మనిషికి సోకవు. బయట ఒకటి నుంచి అయిదు రోజులు ఉన్నాకే సోకే స్థితికి వస్తాయి. అందుకే కనిపించిన కుప్పను ఏ రోజుకారోజు తీసేయడం ముఖ్యం. మట్టిలో కలిసిపోతే నెలల తరబడి, ఏడాది దాటి కూడా బతికి ఉంటాయి. బ్లీచింగ్ పౌడరుకు చావవు, బాగా మరిగిన నీళ్ళ వేడికి చస్తాయి.

కడుపుతో ఉన్నప్పుడు తల్లికి తొలిసారి సోకితే బిడ్డకు ప్రమాదం. ముందే ఎప్పుడో సోకి ఉంటే సాధారణంగా ఒంట్లో రక్షణ ఏర్పడి ఉంటుంది. రక్తపరీక్ష ఉంది. అది అవసరమా కాదా అన్నది చూపించుకుంటున్న డాక్టరమ్మనే అడగండి, ఈ వేదికలో ఎవరి మాటా దానికి సాటి కాదు.

ఇంట్లో చేయాల్సింది ఇది. అమ్మాయి ఆ మట్టి ముట్టుకోవద్దు, మీరు గ్లవుజులు వేసుకుని పని చేసి చేతులు సబ్బుతో కడుక్కోండి. పప్పులో ఉడికిన ఆకుతో భయం లేదు. పచ్చిగా తినేవాటితోనే జాగ్రత్త. పెరుగు పచ్చడి మీద చల్లే కొత్తిమీర, పచ్చి ముల్లంగి లాంటివి ఆ మడిలోవి తనకు పెట్టకండి. పిల్లిని చూసినా, అది పక్క నుంచి పోయినా ఏమీ కాదు. సరిగా ఉడకని మాంసం నుంచి కూడా ఈ జబ్బు వస్తుంది, చాలామంది ఆ సంగతి మరిచిపోయి పిల్లినే తిడతారు.

చిర్రాకు_మడి
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు బాబూ. ఈ వారం చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మను అడుగుతాను.

సోల్డరింగ్_శీను
నేను ఒక యంత్రం చేశాను. కదలికను పట్టే పీఐఆర్ సెన్సర్, ఒక రిలే, కరెంటుతో నీళ్ళు వదిలే 12 వోల్టుల సొలెనాయిడ్ వాల్వు, ఒక స్ప్రింక్లరు తల. పిల్లి మడి దగ్గరికి రాగానే అయిదు సెకన్లు నీళ్ళు చిమ్ముతుంది. దెబ్బ తగలదు, ఉలిక్కిపడి పారిపోతుంది. ఇంతవరకు నేను చూసినవాటిలో ఇంత బాగా పనిచేసింది లేదు. ఒక్క జాగ్రత్త, వాషింగ్ మెషీన్ వాల్వులు చాలావరకు 230 వోల్టులవి, తడి మట్టి దగ్గర వాటిని వాడొద్దు.

మిద్దెమీద_మల్లె
మాది మిద్దె తోట. సింటెక్స్ ట్యాంకు కూడా మిద్దె మీదే ఉంటుంది కాబట్టి స్ప్రింక్లరుకు ప్రెషర్ రాదు. నీళ్ళు జారతాయి అంతే. శీను గారిది కింద పెరడు ఉన్నవాళ్ళకే.

అలిపిరి_దారి
వేసవిలో మాకు కుళాయి నీళ్ళకే కష్టం. కళ్యాణి డ్యాములో నీళ్ళు తగ్గాయంటే ఇక్కడ గుండె జారుతుంది. అట్లాంటప్పుడు పిల్లి మీద చిమ్మడానికి నీళ్ళా?

సోల్డరింగ్_శీను
ఆ నీళ్ళు మడిలోనే పడతాయి కదండీ, వృథా కావు. ప్రెషర్ విషయం మాత్రం మల్లె గారు చెప్పింది నిజం, చిన్న బూస్టరు పంపు కావాలి. ఒక తేడా ఉంది, గాలికి ఊగే అరటాకుకు, ఎండ వేడికి కూడా సెన్సర్ స్పందిస్తుంది. రాత్రిపూటే పనిచేసేలా టైమరు పెట్టాను.

కరకంబాడి77
చెవికి వినిపించని శబ్దం చేసే పెట్టెలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కదా, అవి ఎట్లా ఉంటాయి?

సోల్డరింగ్_శీను
అల్ట్రాసోనిక్‌వి. బ్రిటన్‌లో పక్షుల సంరక్షణ సంస్థ శాస్త్రవేత్తలు ఇళ్ళ తోటల్లో ఒకదాన్ని పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. పిల్లుల రాక కొంత తగ్గింది, ఆగలేదు. మంచి కంపెనీది అయితే ఆ మాత్రం ఫలితం ఉంటుంది. చవకవి రెండు విప్పి చూశాను, లోపల సరైన స్పీకరే లేదు.

నేతిగిన్నె
నీలిమందు కలిపిన నీళ్ళ సీసాలు గేటుకు కడతారే, అవి?

తోతాపురి_తోట
మా వీధిలో ప్రతి గేటుకూ ఉన్నాయి. ఆ సీసాకు ఆనుకుని పిల్లి నిద్రపోతుంటుంది.

అవ్వచెప్పిన_ఆకు
ఇంతమంది రాశారు కానీ ఒక్కరూ అడగని సంగతి. అక్కా, మీ మళ్ళలో కుప్పింటాకు మొలిచిందా చూడండి. మురిపిండాకు అని కూడా అంటాం. మా తమిళ చుట్టాలు కుప్పైమేని అంటారు. పెరట్లో, గోడ పక్కన దానంతటదే మొలిచే కలుపు. దాని వేరు పిల్లులకు పిచ్చి. కలుపు పీకి వేరు పైకి పెట్టి మడి పక్కన పడేస్తే చాలు, ఎక్కడెక్కడి పిల్లులో వచ్చి దానికి మొహం రుద్దుకుంటూ, నాకుతూ, పక్కనే పొర్లుతాయి. చిన్నప్పుడు మేం కావాలనే పీకి పెట్టి తమాషా చూసేవాళ్ళం. పీకిన మొక్కను వెంటనే సంచిలో వేసి దూరంగా పారేయండి.

చిర్రాకు_మడి
ఉంది! ప్రహరీ పొడవునా ఉంది. దగ్గుకు కషాయం పెట్టవచ్చని కొన్ని మొక్కలు ఉంచాను. ఆకు చూస్తే అదేనని పక్కాగా చెప్పగలను.

పశువైద్యం_చదువు
ఇది నిజమే. విదేశాల్లో క్యాట్‌నిప్ అనే మొక్క మీద పిల్లులు ఎట్లా పడతాయో మన దగ్గర కుప్పింటాకు వేరు మీద అట్లా. పాఠంలో కంటే ముందు మా ఊళ్ళోనే చూశాను.

ఇంకొకటి, చేపలు కడిగిన నీళ్ళు, బెల్లంలో చేప ముక్కలు మాగబెట్టిన ద్రావణం, ఎముకల పొడి మొక్కలకు వాడేవాళ్ళు మన పక్క చాలామంది ఉన్నారు. మొక్కకు మంచివే. కానీ ఆ వాసనకు పిల్లి వచ్చి తవ్వకుండా ఉండదు. వాడాలంటే మట్టిలో లోతుగా వేసి పైన కప్పండి.

మిద్దెమీద_మల్లె
మా గులాబీ కుండీల కథ ఇదే! చేప నీళ్ళు పోసిన కుండీలను మాత్రమే తవ్వేవి, పక్కనున్న తులసి కుండీని ముట్టేవి కావు. ఇప్పుడు అర్థమైంది.

తోతాపురి_తోట
నేను అసలు పని చేసినదాని గురించి ఇంకా రాయలేదు, రాస్తాను. పిల్లికి కనిపించే ఖాళీ మట్టి ఉండకూడదు. ఇంతే నాకు తెలిసింది. వాసనలు ఏవీ నిలవవు, ఎండకు ఎగిరిపోతాయి, వానకు కొట్టుకుపోతాయి. మట్టిని కప్పితే రోజూ కప్పే ఉంటుంది.

విత్తనం చల్లాక గాల్వనైజ్డ్ వెల్డ్ మెష్, అంటే ఇనుప తీగ జాలి, మడి మీద పరిచేస్తాను. కన్నం రెండంగుళాలు మించకూడదు. అంచులు లోపలికి మడిచి, నాలుగు మూలలా కమ్మీ ముక్కలు యు ఆకారంలో వంచి దిగ్గొడతాను. మొలకలు కన్నాల్లోంచి పైకి వస్తాయి. పిల్లి వచ్చి ఒకసారి గీకుతుంది, గోరు తీగకు తగులుతుంది, పోతుంది. గుబురుగా పెరిగాక ఎట్లాగూ రాదు, ఎందుకంటే తవ్వడానికి చోటే ఉండదు. అంటే కాపలా అవసరమయ్యేది విత్తనం వేసిన రోజు నుంచి ఆకు మట్టిని కప్పేదాకా మాత్రమే.

మెష్ కొనడం ఇష్టం లేకపోతే నిమ్మ కొమ్మలు, కాగితాలపూల చెట్టు కొమ్మలు కత్తిరించి అడ్డదిడ్డంగా పరచండి. మా తాతల కాలంలో నారుమడికి కోళ్ళు రాకుండా రేగు కంప వేసేవాళ్ళు, అదే పద్ధతి. కాకపోతే మనం కలుపు తీసేటప్పుడు చేతులకు గుచ్చుకుంటుంది.

మెంతిమొలక
చెనిక్కాయ పొట్టు పరిస్తే? మా ఊళ్ళో మిల్లు దగ్గర సంచులు సంచులు దొరుకుతుంది. నేను టమాటా పాదులకు వేశాను, పిల్లి రావడం తగ్గింది.

తోతాపురి_తోట
టమాటా, వంగకు బాగుంటుంది. కానీ మందంగా వేయాలి, పల్చగా వేస్తే పిల్లి పక్కకు నెట్టేస్తుంది. మా నేలలో చెదలు పట్టాయి, అందుకే నేను మానేశాను. పొట్టులో గింజ ముక్కలు మిగిలితే ఎలుకలు కూడా వస్తాయి.

మెంతిమొలక
చెదలు మీ నేల గుణం. మాకు రాలేదు. వేపపిండి కలిపి వేశాను, బహుశా అందుకు. పొట్టును అంత తేలిగ్గా కొట్టేయకండి, మన జిల్లాలో దానికంటే చవకైనది ఏదీ లేదు.

గానుగ_బెల్లం
చెరుకు పిప్పి వాడి చూశారా ఎవరైనా? మాది పాకాల దగ్గర. గానుగ ఆడినప్పుడు పిప్పి చాలావరకు బెల్లం పొయ్యిలోకే పోతుంది, కొంత మిగులుతుంది. నాలుగు వేళ్ళ మందం పరిస్తే పీచులు ఒకదానికొకటి పెనవేసుకుని చాపలా అవుతుంది. పిల్లి కాలికి మట్టి దొరకదు. తాజాది వేయకూడదు, తీపికి చీమలు పట్టేస్తాయి. వానకు తడిసి, ఎండి, రంగు మారిన పాత పిప్పే వేయాలి. మట్టిలో కలపకుండా పైనే ఉంచాలి, కలిపితే కుళ్ళేటప్పుడు నేలలో నత్రజనిని లాగేసుకుంటుంది, ఆకు పసుపుబారుతుంది.

మెంతిమొలక
అది నాకు తెలియదు. నత్రజని సంగతి చెనిక్కాయ పొట్టుకూ వర్తిస్తుందా?

గానుగ_బెల్లం
వర్తిస్తుంది, మట్టిలో కలిపితే. పైన పరిస్తే భయం లేదు.

కొర్లగుంట_పిల్లులమ్మ
మట్టి కప్పడం మంచిదే, నేను ఒప్పుకుంటాను. కానీ కప్పి ఊరుకుంటే అవి మెంతిమొలక గారి ఇంటి నుంచి పక్కింటికి పోతాయి. వాటికి ఎక్కడో ఒకచోట చూపించాలి. ప్రహరీ మూలలో, సన్‌షేడ్ కింద, వాన తగలని చోట ఇసుక పోయండి. మొదటి రోజు మడిలో వాటి వాసన ఉన్న మట్టి గుప్పెడు తీసి ఆ ఇసుకలో వేయండి. వాసన పట్టుకుని అవే అక్కడికి మారతాయి. రోజూ తీసేయాలి, లేకపోతే అవి మళ్ళీ శుభ్రమైన చోటు వెతుక్కుంటాయి. ఆ ఇసుక చిన్నపిల్లలు ఆడుకునే చోటికి దూరంగా ఉండాలి.

అలిపిరి_దారి
ఇసుక పెడితే వీధిలో ఉన్నవన్నీ వస్తాయి కదమ్మా? మా పక్కన ఇల్లు కడుతూ ఇసుక కుప్ప పోశారు, అది చూడాలి మీరు.

కొర్లగుంట_పిల్లులమ్మ
కుప్ప పోసి ఎవరూ తీయకపోతే అట్లాగే అవుతుంది. మా ఇంటి చుట్టూ ఉండే పిల్లులే మా తొట్టికి వస్తాయి, కొత్తవాటిని అవే రానివ్వవు. ఇంకో సంగతి, ఇవి ఉన్నందుకే మా వీధిలో ఎలుకలు, పందికొక్కులు తగ్గాయి. కొండ పక్క కాలనీల్లో ఎలుకలుంటే వెనకే పాములొస్తాయి, రాజా గారికి తెలిసే ఉంటుంది.

జీవకోన_రాజా
పాముల మాట నిజం. మా వీధిలో మొన్న జెర్రిపోతు పట్టారు.

పశువైద్యం_చదువు
సంఖ్య తగ్గాలంటే ఆపరేషన్లే దారి. ఆడపిల్లి అయిదారు నెలల వయసుకే ఎదకు వస్తుంది, తొమ్మిది వారాల్లో ఈనుతుంది, ఏడాదిలో రెండు మూడు ఈతలు మామూలు. మగపిల్లికి చేయిస్తే గోడల మీద, తలుపుల మీద చిమ్మే ఆ ఘాటు వాసన, రాత్రి అరుపులు, పోట్లాటలు చాలావరకు తగ్గుతాయి. వీధిలో నలుగురు కలిసి డబ్బు వేసుకుంటే భారం కాదు. తిరుపతిలో వెటర్నరీ కాలేజీ 1955 నుంచి ఉంది, అక్కడి ఆసుపత్రిలో ముందు మాట్లాడి, పిల్లిని పంజరంలో పెట్టి తీసుకెళ్ళండి. ఉత్త చేతుల్తో పట్టుకోకండి, కరిస్తే రేబిస్ టీకా వేయించుకోవాల్సిందే. కరిచిన వెంటనే సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలి.

అలిపిరి_దారి
నలుగురం కలిసి అంటే, మొదట పెట్టేవాళ్ళు ముందుకు రావాలి. వస్తే నేనూ ఇస్తాను. మా అమ్మ కష్టం తగ్గితే అంతే చాలు.

కొర్లగుంట_పిల్లులమ్మ
మీ వీధి ఎక్కడో నాకు మెసేజ్ పెట్టండి. ఆ చేప తలకాయల ఆయనతో నేను మాట్లాడతాను. పెట్టేవాళ్ళ మాట పెట్టేవాళ్ళు వింటారు. మా దగ్గర పంజరం కూడా ఉంది, అరువిస్తాను.

అలిపిరి_దారి
పెట్టాను అమ్మా. చూడండి.

చిర్రాకు_మడి
అన్నీ రాసుకున్నాను. కుప్పింటాకు ఈ పూటే పీకించేస్తాను, కషాయానికి కావాలంటే మిద్దె మీద కుండీలో పెంచుకుంటాను. చిర్రాకు, పాలకూర మళ్ళకు మెష్ వేస్తాను. కొత్తిమీరతోనే సమస్య. దాన్ని వేళ్ళతో పీకుతాం కదా, మెష్ కన్నంలోంచి పీకితే కట్ట మొత్తం నలిగిపోదా?

తోతాపురి_తోట
కొత్తిమీరకు మెష్‌ను నేల మీద పరచకండి. మడి చుట్టూ ఇటుకలు నిలబెట్టి వాటి మీద మెష్ పెట్టండి, మట్టికి జానెడు ఎత్తులో. కోసుకునే రోజు మెష్ ఎత్తి పక్కన పెట్టుకోవచ్చు. చెక్క ఫ్రేముకు బిగించుకుంటే ఎత్తడం ఇంకా తేలిక.

మిద్దెమీద_మల్లె
కుండీలకు కూడా ఇదే పద్ధతా? గుండ్రటి కుండీకి మెష్ కత్తిరించడం కష్టంగా ఉంది.

తోతాపురి_తోట
కుండీలకు మెష్ అక్కర్లేదు. మొక్క మొదలు చుట్టూ గులకరాళ్ళు, ఇటుక ముక్కలు, కొబ్బరి చిప్పలు బోర్లించి పెట్టండి. చిప్పల్లో నీళ్ళు నిలవకుండా బోర్లాగానే ఉండాలి, లేకపోతే దోమలు.

చిర్రాకు_మడి
గానుగ అన్నా, వంగ పాదులకు పిప్పి కావాలి. పాకాల దాకా వస్తే ఇస్తారా?

గానుగ_బెల్లం
ఆదివారం రండి అక్కా. పాత పిప్పి షెడ్డు వెనక ఉంది, డబ్బులు వద్దు. గోనెసంచులు మాత్రం మీరే తెచ్చుకోండి, మా దగ్గర ఉన్నవన్నీ బెల్లానికి పోయాయి.

మెంతిమొలక
నాకూ రెండు సంచులు. నేను చంద్రగిరి నుంచి వస్తాను, చెనిక్కాయ పొట్టు మీకు తెస్తాను.